ఎనిమిది వందల మాటల్లో ఒక మనిషి: పద్మ నామినేషన్‌ను ఎలా తూస్తారు?

ఏటా జనవరి 26న జెండా వందనం అయిపోయి, పిల్లలకు చాక్లెట్లు పంచేశాక, అనంతపురం జిల్లా ఉరవకొండలో మా బడి స్టాఫ్ రూములో ఒక మాట తప్పకుండా వస్తుంది. ముందురోజు సాయంత్రమే పద్మ అవార్డుల జాబితా వచ్చి ఉంటుంది. పేపరు చేతిలో పట్టుకుని ఎవరో ఒకరు అంటారు: "ఢిల్లీలో మనోళ్ళు ఉంటేనే సార్ ఇవన్నీ." మిగతావాళ్ళు తలూపుతారు. చాలా ఏళ్ళు నేనూ తలూపాను. తర్వాత ఒక నామినేషన్ నేనే నా చేత్తో రాసి పంపాను. రాయాలంటే నిబంధనలన్నీ చదవక తప్పలేదు. మన జిల్లాలో మంచి మనుషుల పేర్లు ఆ జాబితాకు ఎక్కకపోవడానికి పలుకుబడి కంటే ముందు ఇంకో కారణం ఉందని అప్పుడు అర్థమైంది. ఆ పేర్లను అసలు ఎవరూ పంపడం లేదు. పంపినా, తూకం వేసేవాళ్ళకు పనికొచ్చేలా పంపడం లేదు.

ఈ తూకం ఎవరు వేస్తారో ముందు చూద్దాం. పద్మ అవార్డులు 1954లో మొదలయ్యాయి. అప్పట్లో పద్మవిభూషణ్‌లోనే మూడు తరగతులు ఉండేవి. 1955 జనవరి 8న వాటికి పద్మవిభూషణ్, పద్మభూషణ్, పద్మశ్రీ అని పేర్లు పెట్టారు. పని చూసుకునేది కేంద్ర హోం శాఖ. ఎంపిక కోసం ఏటా ప్రధానమంత్రి ఒక కమిటీని వేస్తారు. దానికి కేబినెట్ సెక్రటరీ అధ్యక్షులు. హోం సెక్రటరీ, రాష్ట్రపతి కార్యదర్శి సభ్యులుగా ఉంటారు. వీళ్ళు కాక వేర్వేరు రంగాల్లో పేరున్నవాళ్ళు నలుగురి నుంచి ఆరుగురి దాకా ఉంటారు. కమిటీ పేర్లు సిఫారసు చేస్తే ప్రధాని, రాష్ట్రపతి ఆమోదించాలి. మొత్తం ఇంతే. ఉరవకొండ నుంచి చూస్తే చాలా దూరంలో, చాలా తక్కువమంది కూర్చునే బల్ల అది.

ఆ బల్ల మీదికి ఎన్ని కాగితాలు వెళ్తాయి? 2014లో వచ్చిన నామినేషన్లు సుమారు 2,200. 2020 అవార్డులకు అవి 46,000 దాటాయని హోం శాఖే చెప్పింది. నడుమ జరిగిన మార్పు ఏమిటంటే, ఎవరైనా ఆన్‌లైన్‌లో నామినేషన్ వేసే వీలు కల్పించారు. ఆ ఏడాది ఇచ్చినవి మొత్తం 141. అందులో 12 చనిపోయినవాళ్ళకు, 18 విదేశీయులకు, విదేశాల్లో ఉండే భారతీయులకు. ఈ రెండు రకాలనూ పక్కన పెడితే ఏడాదికి 120కి మించి ఇవ్వకూడదన్నది నియమం. ఒక్కో నామినేషన్‌లో వివరణ ఎనిమిది వందల మాటల దాకా ఉండొచ్చు. 46,000ను ఎనిమిది వందలతో గుణించండి. మూడున్నర కోట్ల మాటలు దాటుతుంది. ఒక్కో కాగితం మీద ఒక చూపు ఎంతసేపు నిలుస్తుందో మీరే ఊహించుకోండి. నామినేషన్ రాసేవాళ్ళు అన్నిటికంటే ముందు మనసులో పెట్టుకోవాల్సింది ఇదే.

ఆ 141 మందిలో మన మనిషి ఒకరు ఉన్నారు. ధర్మవరం మండలం నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు దళవాయి చలపతిరావు గారు. ఇప్పుడా ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ 2020లో అనంతపురం జిల్లానే. మరుసటి ఏడాది సాహిత్యంలో అవధాని ఆశావాది ప్రకాశరావు గారికి వచ్చింది. మన నేలకు ఇది అందని పండు కాదని చెప్పడానికే ఈ పేర్లు తీస్తున్నాను. అయితే తోలుబొమ్మ చేతిలో పట్టుకుని చూపించొచ్చు. పద్యం చదివి వినిపించొచ్చు. సామాజిక సేవలో చిక్కంతా ఇక్కడే ఉంది. అర్ధరాత్రి ఎవరినో ఆసుపత్రికి చేర్చిన పని తెల్లారేసరికి కంటికి కనపడకుండా పోతుంది. దాన్ని బల్ల మీద ఎలా పెట్టాలి?

నేను రాసిన నామినేషన్ అలాంటి పని చేసిన మనిషి గురించే. మా ఆటో స్టాండులో ఉండే పెద్దాయన. ఇరవై ఏళ్ళకు పైగా ఆమిద్యాల, రాకెట్ల, నింబగల్లు లాంటి ఊళ్ళ నుంచి కాన్పు నొప్పులు వచ్చిన ఆడవాళ్ళను రాత్రిపూట ఉరవకొండకు, అవసరమైతే యాభై కిలోమీటర్లు నడిపి అనంతపురం పెద్దాసుపత్రికి చేర్చాడు. రాత్రి కాన్పు కేసుకు పైసా తీసుకోడు. ఊళ్ళో అందరికీ తెలుసు. అందరికీ తెలుసు కాబట్టే ఎవరూ రాయలేదు.

నా మొదటి డ్రాఫ్టు ఎలా మొదలైందో చెప్తాను. "నిస్వార్థ సేవకు నిలువుటద్దం, పేదల పాలిటి పెన్నిధి, మానవతామూర్తి..." సన్మాన పత్రాలు రాసి రాసి అలవాటైన చెయ్యి కదా. రెండు వందల మాటలు అయిపోయాయి, ఆటో ఇంకా స్టాండు నుంచి కదల్లేదు. దీన్ని ఇంగ్లీషులోకి మార్చమని మా ఇంగ్లీషు సారుకు ఇస్తే, చదివి ఒకే ప్రశ్న అడిగారు: "ఈయన ఏం చేశాడు సార్?" ఆ ప్రశ్నతో నా కాగితం కూలిపోయింది.

హోం శాఖ మార్గదర్శకాలు అడిగేది కూడా అదే ప్రశ్న. ఎంపికకు గట్టి కొలతబద్ద అంటూ ఏదీ లేదని వాళ్ళే రాశారు. ఇన్ని మార్కులు వస్తే అవార్డు అన్న లెక్క లేదు. కానీ కొన్ని సంగతులు స్పష్టంగా చెప్పారు. చేసిన పనిలో ప్రజాసేవ అంశం ఉండాలి. జీవితకాలంలో సాధించినదాన్ని చూస్తారు. ఎక్కువకాలం పనిచేయడం ఒక్కటే చాలదు, ఆ సేవలో ప్రత్యేకత ఉండాలి. తన రంగంలో గొప్పవాడు కావడం కూడా చాలదు, అంతకుమించి ఇంకేదో ఉండాలి.

ఎక్కువకాలం చేసిన సేవకూ ప్రత్యేకమైన సేవకూ తేడా ఉందన్న ఆ ఒక్క వాక్యం దగ్గరే మనం పంపే కాగితాలు ఓడిపోతాయని నా నమ్మకం. మన ఊళ్ళలో గౌరవం ఏళ్ళను బట్టి పెరుగుతుంది. "ముప్పై ఏళ్ళుగా చేస్తున్నాడు" అంటే చాలు, అందరం లేచి నిలబడతాం. కమిటీ బల్ల దగ్గర ఆ ముప్పై ఏళ్ళు మొదటి మెట్టు మాత్రమే. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు వేరు. ఈ పని ఈయన చేయకపోతే ఏమయ్యేది? ఇంకెవరైనా చేసేవాళ్ళా? ఆయన వల్ల ఆ ఊళ్ళో ఏం మారింది? ఇవి ప్రభుత్వం ఎక్కడో అచ్చు వేసిన ప్రశ్నలు కావు. ప్రత్యేక సేవ అన్న మాటకు అర్థం వెతికితే నాకు తట్టినవి.

సమాధానాల కోసం ఆయన ఇంటికి వెళ్ళాను. మాటల మధ్యలో ఆయనే లోపలికి వెళ్ళి ఒక లాంగ్ నోటుబుక్కు తెచ్చాడు. అట్ట మీద సరస్వతీదేవి బొమ్మ సగం చినిగిపోయింది. ప్రతి పేజీలో స్కేలు పెట్టి గీసిన నాలుగు గడులు. తేదీ, ఊరు, ఎన్ని లీటర్లు, చివర ఒకే ఒక అక్షరం. కొన్నిచోట్ల "మ", కొన్నిచోట్ల "ఆ".

"ఇదేంది?" అన్నాను.

"డీజిల్ లెక్క సార్. బండి మా బావది. నెలాఖరుకు లెక్క చెప్పాల గదా."

"ఈ అక్షరాలు?"

"మగబిడ్డ, ఆడబిడ్డ."

కొన్ని వరసల్లో చివరి గడి ఖాళీగా ఉంది. వాటి గురించి నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆ నోటుబుక్కు 2003లో మొదలవుతుంది. "వేలాది మందిని" అని నా డ్రాఫ్టులో రాశాను కదా. కూర్చుని లెక్కపెడితే నాలుగు వందల పైచిలుకు తేలాయి. ముందు మనసు చివుక్కుమంది, తర్వాత సంతోషం వేసింది. "వేలాది" అన్న మాటను ఎవరూ నమ్మాల్సిన పని లేదు, ఎవరూ లెక్కపెట్టలేరు. నాలుగు వందల పైచిలుకు వరసల్ని, తేదీతో, ఊరి పేరుతో, ఎవరైనా వచ్చి సరిచూసుకోవచ్చు.

ఇంకో సంగతి కూడా ఆ పేజీల్లోనే దొరికింది. 108 అంబులెన్సులు మన రాష్ట్రంలో 2005లో వచ్చాయి. కమిటీలో సూటిగా ఆలోచించే మనిషి ఎవరైనా తప్పక అడుగుతారు: అంబులెన్స్ వచ్చాక ఈయన అవసరం ఏముంది? నన్నడిగితే నేనైతే తడబడేవాణ్ణి. నోటుబుక్కు తడబడలేదు. 2005 తర్వాత కొన్నేళ్ళకు రాత్రి ట్రిప్పులు తగ్గుతూ వచ్చాయి. వాటి చోట ఊరి పేరు పక్కన "డిచ్చార్జి" అన్న మాట మొదలైంది. అంబులెన్స్ ఆసుపత్రికి చేరుస్తుంది. మూడు రోజుల పసిగుడ్డుతో, కుట్లు మానని తల్లితో తిరిగి ఊరికి ఎలా రావాలి? రెండు బస్సులు మారి, ఊరి మలుపు దగ్గర దిగి నడవాలా? ఆయన తన పనిని అవసరం ఉన్న చోటికి మార్చుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే. ప్రత్యేక సేవ అంటే నాకు అర్థమైంది ఇదే, మార్గదర్శకాలు ఎన్నిసార్లు చదివినా రాని అర్థం.

ఎనిమిది వందల మాటల్లో ఈ మార్పుకు మూడు వందలు కేటాయించాను. "మానవతామూర్తి"ని పూర్తిగా తీసేశాను. సన్మానాల ఫొటోలు, శాలువాలు కప్పుతున్నవి, ముప్పై దాకా ఉన్నాయి. వాటినీ పక్కన పెట్టాను. శాలువా కప్పించుకున్నాడంటే ఎవరో సభ పెట్టారని తెలుస్తుంది, అంతకుమించి ఏమీ తెలియదు. వాటి బదులు నోటుబుక్కు పేజీలు స్కాన్ చేయించాను. ఒక కార్యాలయానికి వెళ్ళి ఆయన సేవ గురించి ఒక లేఖ ఇమ్మని అడిగితే, వారం తిప్పి, "వీరు మంచి నడవడిక గలవారు" అని రెండు లైన్లు రాసిచ్చారు. నడవడిక గురించి నేను అడగలేదు. చాలా బాధేసింది. ఆ లేఖ కంటే, కాన్పు చేసిన ఒక రిటైర్డ్ నర్సమ్మ తన చేతిరాతతో రాసిచ్చిన ఒక పేజీ వంద రెట్లు నయం. ఏ రాత్రి, ఏ పరిస్థితిలో, ఆయన తెచ్చిన మనిషి ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేదో ఆమె రాసింది.

నామినేషన్ ఎవరు వేయొచ్చు అన్నది చాలామందికి ఉన్న అనుమానం. ఎవరైనా వేయొచ్చు. రాష్ట్ర ప్రభుత్వాలు, కేంద్ర మంత్రిత్వ శాఖలు, గవర్నర్లు, ముఖ్యమంత్రులు, ఎంపీలు, గతంలో భారతరత్న, పద్మవిభూషణ్ పొందినవాళ్ళు, పెద్ద విద్యాసంస్థలు పంపిస్తారు. మామూలు పౌరుడూ ప్రభుత్వ అవార్డుల పోర్టల్‌లో పంపొచ్చు. తన పేరు తానే కూడా పంపుకోవచ్చు. రాష్ట్రం పంపే దారి కలెక్టరేట్ మీదుగా పోతుంది. సాధారణ పరిపాలన శాఖ కలెక్టర్లను పేర్లు అడుగుతుంది, కింద మండలం నుంచి నివేదికలు పైకి వెళ్తాయి. ఈ దారిలో పోయిన పేరుకు అధికారుల సరిచూత తోడవుతుంది, నేరుగా పోర్టల్‌లో వేస్తే మన ఆధారాలే దిక్కు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, బలహీన వర్గాలు, దివ్యాంగుల్లో అర్హులను వెతికి పట్టుకోవడానికి ప్రత్యేకంగా ప్రయత్నించమని కేంద్రం రాష్ట్రాలను కోరుతూనే ఉంటుంది. వెతకాలంటే మాత్రం ఆ వీధిలో తిరిగే మనిషి కావాలి.

సంతకాలు పోగేయడం వల్ల లాభం ఉంటుందా అని మా కుర్రాళ్ళు అడిగారు. ఊరంతా తలా ఒక నామినేషన్ వేస్తామన్నారు. ఇది ఓట్ల లెక్క కాదు. 2017 అవార్డులకు 18,768 సిఫారసులు వస్తే అందులో నాలుగు వేలకు పైగా హర్యానాలోని ఒకే ఒక్క డేరా (ఆశ్రమం) అధిపతి కోసం వచ్చాయని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆయనకు అవార్డు రాలేదు. అదే ఏడాది ఖమ్మం జిల్లాలో సైకిల్ మీద తిరుగుతూ మొక్కలు నాటిన వనజీవి రామయ్య గారికి సామాజిక సేవలో పద్మశ్రీ వచ్చింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపించాక మా కుర్రాళ్ళు ఆ ఆలోచన మానుకున్నారు.

కొన్ని తలుపులు మొదట్లోనే మూసుకుంటాయి. ఉద్యోగంలో ఉన్న ప్రభుత్వోద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థల్లో పనిచేసేవాళ్ళు అర్హులు కారు. డాక్టర్లకు, శాస్త్రవేత్తలకు మాత్రం మినహాయింపు. కాబట్టి మీ ఊరి బడిని మార్చేసిన ప్రభుత్వ టీచరమ్మ పేరు పంపాలంటే ఆమె రిటైరయ్యే దాకా ఆగాలి. సంస్థలకు ఇవ్వరు, మనిషికే ఇస్తారు. ఇది మన జిల్లాలో ఆలోచించాల్సిన సంగతి. 1969లో విన్సెంట్ ఫెర్రర్ గారు వచ్చి ఆర్డీటీని (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును) మొదలుపెట్టిన నేల ఇది. ఇక్కడ సేవ చాలావరకు సంఘాల ద్వారా, సంస్థల ద్వారానే జరుగుతుంది. అలాంటి చోట ఫలానా మనిషి స్వయంగా ఏం చేశాడన్నది సంస్థ చేసిన పని నుంచి విడదీసి చూపించాలి. సంస్థ వార్షిక నివేదిక జత చేస్తే ఆ ఒక్క మనిషి అందులో మునిగిపోతాడు.

ఇంకో తలుపు గురించి చెప్పాలంటే బాధగా ఉంటుంది. చనిపోయినవాళ్ళకు మామూలుగా ఇవ్వరు. ఎంతో అర్హత ఉన్న సందర్భంలో, ఆ గణతంత్ర దినానికి ముందు ఏడాది లోపల పోయినవాళ్ళయితే పరిశీలించవచ్చు, అంతే. మన అలవాటేమో మనిషి పోయాక ఫ్లెక్సీ కట్టి "పద్మశ్రీ ఇవ్వాల్సింది" అనడం. ఆయన బతికున్న ముప్పై ఏళ్ళలో ఒక్క సాయంత్రం కూర్చుని రాసి ఉండొచ్చు.

గడువు సంగతి క్లుప్తంగా. చాలా ఏళ్ళు మే 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఉండేది. ఇటీవల ముందుకు జరిగింది. 2026 అవార్డులకు 2025 మార్చి 15న మొదలుపెట్టి, మొదట జులై 31 గడువు పెట్టారు. కాబట్టి ఎండాకాలం సెలవులకే కాగితాలు సిద్ధం చేసుకోండి. ఒక ఏడాది పంపిన నామినేషన్ పక్క ఏడాదికి దానంతటదే పనిచేస్తుందని అనుకోకుండా మళ్ళీ కొత్తగా పంపడం మంచిది.

ఎంపిక దశకు వచ్చిన పేర్ల మీద ప్రభుత్వ సంస్థలు విచారణ చేస్తాయి. కేసులు, వివాదాలు ఉన్నాయేమో చూస్తాయి. నామినేషన్‌లో ఒక్క అబద్ధం, ఒక్క అతిశయోక్తి ఉన్నా ఇక్కడ దొరికిపోతుంది. "వేలాది" అన్న మాట తీసేసినందుకు నేను ఇప్పటికీ ఊపిరి పీల్చుకుంటున్నాను. అన్నీ దాటాక, ప్రకటనకు కాస్త ముందు హోం శాఖ నుంచి ఆ మనిషికి ఫోన్ వస్తుంది. మీకు సమ్మతమేనా అని అడుగుతారు. వద్దంటే పేరు జాబితాలో ఉండదు.

వచ్చినవాళ్ళకు దక్కేది రాష్ట్రపతి సంతకం ఉన్న సన్నదు (అవార్డు పత్రం), పతకం. నగదు లేదు, రైలు, విమానం టికెట్లలో రాయితీ లేదు. పేరు ముందు పెట్టుకోవడానికీ లేదు. రాజ్యాంగం 18వ అధికరణం బిరుదుల్ని రద్దు చేసింది కదా, మరి ఇవి బిరుదులు కావా అని కొందరు కోర్టుకెళ్ళారు. 1995 డిసెంబర్‌లో బాలాజీ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇవి బిరుదులు కావని, పేరుకు ముందూ వెనకా తగిలించుకోకూడదని తేల్చింది. సినిమా టైటిల్స్‌లో పేరు ముందు "పద్మశ్రీ" వేసుకున్న సంగతి మన దగ్గర హైకోర్టు దాకా వెళ్ళింది. దీన్ని బట్టి నేను అనుకునేదొకటి. ఇందులో డబ్బూ లేదు, హోదా తోకా లేదు. ఉన్నదల్లా దేశం ఒక మనిషి పనిని చూసిందన్న సాక్ష్యం. అందుకే ఆ సాక్ష్యం నిజాయితీగా ఉండాలి, అది రాసేవాళ్ళ దగ్గరే మొదలవ్వాలి.

మేం పంపిన ఏడాది జనవరి 25 సాయంత్రం జాబితా రాగానే ఫోన్‌లో పైనుంచి కిందికి రెండుసార్లు చదివాను. ఆయన పేరు లేదు. ఎందుకు రాలేదో చెప్పే కాగితం కోసం నేను ఎదురుచూడలేదు. మర్నాడు జెండా వందనం అయ్యాక స్టాఫ్ రూములో ఎప్పటి మాటే వచ్చింది. ఈసారి నేను తలూపలేదు. మార్చిలో మళ్ళీ మొదలుపెట్టాలనుకుని మొన్న ఆదివారం సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళాను. ఈసారి ఏమేం జత చేయాలో చెప్తుంటే, టీ ఇచ్చి వెళ్ళిన వాళ్ళావిడ ట్రంకు పెట్టె తెరిచి అడుగున గుడ్డలో చుట్టిన ఇంకో నోటుబుక్కు తెచ్చింది.

"ఇదీ ఉండాది సార్," అంది. "ముందుది. వానకు ఇల్లు కారి తడిసిపాయ. మీరు అడగలేదని ఇయ్యలేదు. పనికొస్తాదా?"

పేజీలు అట్టలా అతుక్కుపోయి ఉన్నాయి. మెల్లగా విడదీసి ఫోన్ టార్చి వేసి చూశాను. సిరా నీలంగా పాకిపోయింది. ఒకచోట 1999 అన్న అంకె, ఆమిద్యాల అన్న పేరు, చివరి గడిలో "ఆ" అన్న అక్షరం కనపడ్డాయి.